ఎడమచేతి ముడి

ఆ దీవిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. మరిదికి తప్ప చిన్నా పెద్దా అందరికీ ఆమె వలత్త. చుట్టరికం ప్రకారం పిన్ని అనవలసినవాళ్ళు, అక్క అనవలసినవాళ్ళు కూడా ఆ మాటే అనేవాళ్ళు. "మనుషుల్లో వరసలు తప్పితే తప్పనీ. వలలో వరస తప్పితే మాత్రం ఊరుకోను" అనేది ఆమె.

పెళ్ళి చేసుకుని పడవ దిగిన రోజున ఆమెకు ముడి వెయ్యడం కూడా సరిగా రాదు. అవతలి ఒడ్డున పాలమ్మే ఇంటి పిల్ల. మొగుడు పడవ మీద, అత్త వలల షెడ్డులో, మరిది బడిలో. ఇంట్లో ఒక్కతే గోడలు చూస్తూ కూర్చోలేక అత్త వెనకాలే షెడ్డుకు వెళ్ళింది. వెళ్ళింది వెళ్ళినట్టే అక్కడ ఉండిపోయింది. పిల్లలు కలగలేదు. మొగుణ్ణి సముద్రం ఏమీ చెయ్యలేదు. మంచం మీద జ్వరం తీసుకుపోయింది. ఆ చలికాలం ఆమె మాట్లాడటం మానేసి వల అల్లింది. ఎండ ముఖం చూసేసరికి మాట తిరిగి వచ్చింది. వచ్చిన మొదటి మాటను ఎవరినో తిట్టడానికే వాడిందని షెడ్డులో ఇప్పటికీ చెప్పుకుంటారు.

షెడ్డు రేవు పక్కన పొడుగాటి గది. రాతి గోడలు, రేకు కప్పు. ఒక చివర ఇనప పొయ్యి, ఇంకో చివర కిటికీ. ఒక్కటే కిటికీ. దూలాల నుంచి దిగి గది నిండా పరుచుకున్న వల. తారు వాసన బట్టల్లోకి, జుట్టులోకి, తెచ్చుకున్న రొట్టెలోకి కూడా దిగేది. కిటికీ పక్కన ఒక ఎత్తు స్టూలు ఉండేది. దాని మీద కూర్చున్న మనిషిదే షెడ్డులో మాట. అత్త తర్వాత ఆ స్టూలు వలత్తకు వచ్చింది.

ఆ వల దీవి మొత్తానికి ఒకటే. పెద్ద వల అంటారు. చలికాలమంతా దాన్ని బాగుచేస్తారు. చలి తగ్గి చేప ఒడ్డు దగ్గరకు వచ్చినప్పుడు పడవలో తీసుకుపోయి నీళ్ళలో వంపుగా విడిచి, ఒడ్డున నిలబడి అందరూ కలిసి లాగుతారు. ఏడాది తిండి చాలావరకు అందులోంచే రావాలి. దానికి ఒక నియమం ఉంది. వలలో ముడి వేసిన చెయ్యి తాడు మీద కూడా పడాలి. ముడి వేసి లాగకుండా పోకూడదు. ముడి వేసి లాగిన చేతికి వాటా ఉంటుంది. లాగని చేతి ముడి వలలో ఉంచరు, కోసేస్తారు. అందుకే బయటివాళ్ళను వలలో ముడి వెయ్యనిచ్చేవాళ్ళు కాదు. ఈ నియమాన్ని ఎవరూ ఎవరికీ చెప్పవలసిన అవసరం రాలేదు. తెలియని మనుషులు ఆ దీవికి వచ్చేవాళ్ళే కాదు, బోధకుడు తప్ప.

చలి ముదిరితే సముద్రం పడవను రానివ్వదు. దానికి ముందు వచ్చే ఆఖరి పడవలో ప్రతి ఏడూ ఒక బోధకుడు దిగేవాడు. మళ్ళీ దారి తెరుచుకుని మొదటి పడవ రాగానే అందులో వెళ్ళిపోయేవాడు. ఏ ఏటి మనిషి ఆ ఏటికే. వచ్చిన ప్రతివాడూ మొదటి ఆదివారం ప్రార్థన మందిరంలో వలల గురించే మాట్లాడేవాడు. "మనకి బాగా అర్థమవుతుందనుకుంటారు, పాపం" అనేవాడు సరంగు. సరంగు అంటే పడవ నడిపేవాడు, వలత్త మరిది. వల బాధ్యత షెడ్డులో వదినది, ఒడ్డున అతనిది.

ఆ ఏడు వచ్చిన బోధకుడు ఒంటరిగా రాలేదు. భార్యను తీసుకొచ్చాడు. మందిరం పక్కగది కప్పు కారుతోందని ఇద్దరికీ షెడ్డు మీది గది ఇచ్చారు. మెట్లు షెడ్డులోంచే.

మొదటి ఆదివారం బోధకుడు చెప్పాడు: "ఈ చలికాలం మనమంతా ఒకే వలలో ఉన్నాం. మనం ఒకరికొకరం ముడిపడి ఉన్నాం." గొంతు బాగుంది. మనిషి కూడా మంచివాడిలాగే ఉన్నాడు. ప్రార్థన అయ్యాక సరంగు టోపీ పెట్టుకుంటూ గుమ్మంలో ఆగాడు.

"మనం అన్నారు. అందులో ఎవరెవరు అయ్యగారూ?"

"అందరమూ. మీరూ, మేమూ."

"మీరు మొదటి పడవకి వెళ్ళిపోతారు కదండీ. అప్పుడు ఇక్కడ ఉండేది మేమే. లెక్క తప్పుతుందేమోనని అడిగాను, మరోలా అనుకోకండి."

బోధకుడు నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగిపోయింది. ఆ తర్వాత అతను ఆ మాట వాడేముందు ఒక్క క్షణం ఆగడం వలత్త గమనించింది.

ఆ ఏడు వలత్తకు ఒక సంగతి ఉంది, ఎవరికీ చెప్పనిది.

వలలో దారానికీ దారానికీ మధ్య ఉండే ఖాళీని కన్ను అంటారు. కన్ను చిన్నదైతే పిల్ల చేప చిక్కుతుంది. పెద్దదైతే పెద్ద చేప కూడా జారిపోతుంది. దారం తెగితే కన్ను పోయిందంటారు. ఒక్క కన్ను పోయినచోట పట్టించుకోకపోతే లాగేటప్పుడు చుట్టుపక్కల పది పోతాయి. షెడ్డులో చలికాలమంతా జరిగేది పోయిన కళ్ళను వెతకడమే. వలత్తకు ఆ కళ్ళు కనిపించడం మానేశాయి.

నిరుడు మొదలైంది. కిటికీ అద్దానికి పొగమంచు పట్టిందనుకుని కొంగుతో తుడిచింది. మళ్ళీ తుడిచింది. మంచు అద్దం మీద లేదు. ముందు కుడి కన్ను. ఈ ఏడు ఎడమది కూడా దాని దారి పట్టింది. ఆమె దీపాన్ని దగ్గరకు జరుపుకుంది. దీపంలో ఒత్తి సరిగా లేదని అందరినీ కేకలేసింది. దారం నాసిరకమంది. తల ఎత్తకుండా పనిచేసింది.

ఆమె భయం చీకటి గురించి కాదు. తనకు ముందు ఆ స్టూలు మీద కూర్చున్న అత్తకు చూపు మందగించినప్పుడు, "ఇక ఇంటి దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చో అత్తా" అన్నది తనే. మంచికే అంది. అత్త ఇంటికి వెళ్ళింది. కాళ్ళు చాపుకుంది. ఆ తర్వాత ఎవరైనా ఆమెను పలకరిస్తే తిన్నావా అని, పడుకుంటావా అని. పోయేదాకా ఆ రెండు ప్రశ్నలే. వలత్తకు ఆ రెండు ప్రశ్నలంటే భయం.

బోధకుడు పొద్దున్నే ఇళ్ళు తిరగడానికి వెళ్ళేవాడు. పై గదిలో పొయ్యి పొగ చిమ్మేది. రెండోవారం ఒకరోజు అతని భార్య దగ్గుకుంటూ మెట్లు దిగింది. సన్నటి మనిషి, ముప్పై దాటి ఉంటాయి.

"ఇక్కడ కూర్చోవచ్చా అండీ?"

"కూర్చోడానికి అడగాలా? నిలబడితేనే అడ్డం" అంది వలత్త.

ఆమె కూర్చుంది. కాసేపటికి, "ఏదైనా పని చెప్పండి" అంది.

"అమ్మగార్లకి పని చెప్పడం మాకు అలవాటు లేదమ్మా."

"నాకు అమ్మగారిలా కూర్చోవడం అలవాటు లేదండీ. పెళ్ళికి ముందు చెప్పుల కార్ఖానాలో కుట్టేదాన్ని."

వలత్త ఆమె ముందుకు ఖాళీ చెక్క సూదుల బుట్ట తోసింది. వల అల్లే సూదికి దారం చుట్టి ఇవ్వాలి. ముడితో పని లేదు కనక అది ఎవరైనా చెయ్యొచ్చు.

ఎదురుగా వల అల్లుతున్న పొరుగింటి కోడలుపిల్లను రేడియో అనేవాళ్ళు, ఆపడానికి మీట లేదు కనక. "అమ్మగారూ, మీది పుర్రచేతివాటమా?" అంది ఆ పిల్ల.

"అవునండీ. చిన్నప్పుడు కొట్టారు. మారలేదు."

"మా దీవిలో ఒక్కరు కూడా లేరు తెలుసా పుర్రచెయ్యి."

"పుట్టక కాదు. మేం ఇంకా గట్టిగా కొడతాం" అంది వలత్త.

బోధకుడి భార్య నవ్వింది. ఆ రోజు నుంచి ఆమె చోటు స్టూలు పక్కన, బుట్ట దగ్గర.

చలి ముదిరింది. గాలి రేకు మీద పనిలేనివాడిలా అటూ ఇటూ తిరిగేది. బోధకుడు వానరోజుల్లో మెట్ల మీద కూర్చుని ఆదివారం చెప్పబోయేది పైకే అభ్యాసం చేసేవాడు. షెడ్డు మొత్తం వినేది.

"అయ్యగారూ, ఈ ఆదివారంది మాకు శుక్రవారమే అయిపోయింది" అంది రేడియో. "బాగుంది గానీ నడుమ కొంచెం లావెక్కింది. అక్కడ తగ్గించండి."

అతను నిజంగానే తగ్గించాడు. ఆదివారం అందరూ ఇంటికి త్వరగా వెళ్ళారు. ఆ తర్వాత శుక్రవారాల్లో అతనే అడిగేవాడు, ఎక్కడ కొయ్యాలని. కొన్నిసార్లు కొయ్యగా కొయ్యగా ఏమీ మిగిలేది కాదు. అప్పుడు లేచి కట్టెలు కొట్టడానికి వెళ్ళేవాడు.

ఒక ఉదయం వలత్త తాను నిన్న ముగించిన వరసను వేళ్ళతో తడుముకుంటూ పోతోంది. చూపు తగ్గాక వేళ్ళకు పని పెరిగింది. ఒకచోట వేలు ఆగింది. ముడి ఉంది. గట్టిగానే ఉంది. కానీ ముడి తోక ఉండవలసిన పక్కకు కాక అవతలి పక్కకు తిరిగి ఉంది. ఇంకొంచెం జరిగింది. మళ్ళీ ఒకటి. పై వరసలో ఇంకొకటి. షెడ్డులో ఎవరి చేతి ముడి అయినా ఆమె వేళ్ళు గుర్తుపడతాయి. ఈ చెయ్యి తెలియదు.

తర్వాత తెలిసింది. ఆ ముడి ఉన్న ప్రతిచోటా నిన్న ఒక కన్ను పోయి ఉండాలి. తాను దాన్ని దాటి వచ్చేసి ఉండాలి. పక్కన బుట్ట దగ్గర ఎడమ చెయ్యి ఒకటి మసక మసకగా సూదికి దారం చుడుతోంది.

ముందు కోపం వచ్చింది. నోటిదాకా వచ్చిన మాటను మింగి, మధ్యాహ్నం అందరూ తిండికి వెళ్ళేదాకా ఆగింది.

"ఈ షెడ్డులో ఎలుకలున్నాయి అమ్మాయ్" అంది.

"చూడలేదండీ."

"ఉన్నాయి. మామూలు ఎలుకలు వల కొరుకుతాయి. ఈ ఏడు వచ్చినవి అల్లుతున్నాయి. పైగా పుర్రచేతివి."

దారం చుట్టడం ఆగింది.

"ఎలుకలకి మందు పెడతారా?" అని అడిగింది బోధకుడి భార్య.

నియమం చెప్పవలసింది ఇప్పుడే. చెబితే ఈ పిల్ల మానేస్తుంది. మానేస్తే పోయిన కళ్ళన్నీ ఒకరోజు ఎండలో బయటపడతాయి, స్టూలు పోతుంది. రేపు చెబుదాం అనుకుంది.

"పెట్టను" అంది. "ముడి బిగించేముందు దారం తడుపుకోమని చెప్పు వాటికి. పొడి ముడి జారుతుంది."

ఆ తర్వాత ముళ్ళు జారలేదు. పొద్దున పొయ్యి రాజెయ్యకముందే మెట్ల మీద మెల్లగా అడుగులు వినిపించేవి. వలత్త ఆ వేళకు కావాలనే ఆలస్యంగా వచ్చేది. చెప్పవలసిన రేపు వాయిదా పడుతూ పోయింది. చలికాలంలో రేపటి రోజులకు కొదవ లేదు.

ఇద్దరూ అప్పుడప్పుడు మాట్లాడుకునేవాళ్ళు, చూపు సంగతి తప్ప అన్నీ. బోధకుడి భార్య తాము తిరిగిన ఊళ్ళ గురించి చెప్పేది. ఒకచోట చలికాలం, ఒకచోట ఎండాకాలం.

"వెళ్ళిన ప్రతిచోటా ఏదో ఒకటి సగంలో ఉంటుందండీ. సగం లేచిన గోడ, కడుపుతో ఉన్న పిల్ల. మిగతా సగం మేము వచ్చేశాక జరుగుతుంది. ఆ గోడకి తలుపు ఎటు పెట్టారో కూడా తెలియదు."

"అయ్యగారికి చెప్పావా?"

"చెప్పాను. ఆయనకీ అలాగే ఉందట. ఇద్దరం కాసేపు బాధపడి పెట్టె సర్దుకున్నాం."

వలత్తకు నవ్వు వచ్చింది. నవ్వాక ఏదో గుచ్చుకుంది. ఈ పిల్ల వేసిన ముళ్ళు కూడా సగం పనే. లాగేనాటికి ఈమె ఉండదు.

గాలి దిక్కు మారింది. మంచు కరిగి రేవు మెట్లు బయటపడ్డాయి. మొదటి పడవ ఆ వారంలోనే వస్తుందన్నారు. చేప దాని తర్వాత గాని రాదు. ఒక ఎండ రోజున పెద్ద వలను షెడ్డులోంచి మోసుకొచ్చి ఒడ్డు రాళ్ళ మీద పరిచారు. లాగడానికి ముందు సరంగు దాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసుకుంటాడు. ఊరంతా అంచుల వెంట నిలబడింది. బోధకుడు వల మొయ్యడంలో చెయ్యి వేసి, తారు అంటిన చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక నిలబడ్డాడు.

సరంగు వంగుతూ లేస్తూ వచ్చాడు. ఒకచోట వంగినవాడు లేవలేదు. ముడిని పట్టుకుని వదిలాడు. మళ్ళీ పట్టుకున్నాడు.

"ఇదెవరి చెయ్యి?"

సరంగు పక్కముడిని కూడా తిప్పి చూశాడు.

"పక్కదీ ఇంతే. ఆ పైదీ ఇంతే. వదినా, ఇది నీ వరసే కదా."

"నా వరసే."

"ముడి నీది కాదు."

బోధకుడి భార్య ముందుకు వచ్చింది. "నాది. తోచక వేశాను. ముట్టుకోకూడదని తెలియదు." బోధకుడు భార్య వైపు తిరిగాడు. అతనికీ తెలియదన్నమాట.

సరంగు గొంతు పెంచలేదు. నియమం చెప్పాడు. ముడి, తాడు, వాటా. "మీరు ఈ వారం పడవకి వెళ్ళిపోతారు అమ్మగారూ. మీరు లాగరు. లాగని చెయ్యి వలలో ఉండకూడదు. కొయ్యాలి." జేబులోంచి కత్తి తీశాడు. వల వెంట దూరంగా చూశాడు. "చాలా ఉన్నట్టున్నాయి. కోసి మళ్ళీ అల్లేదాకా చేప ఆగుతుందో లేదో."

గుంపులో గుసగుస మొదలైంది. రేడియో ముక్కు మీద వేలేసుకుంది. "మా అత్త పక్కనే కూర్చుని, మా అత్త కళ్ళుగప్పి ఇన్ని ఎలా వేశారమ్మగారూ? ఆ విద్య మాకెవరికీ రాలేదు ఇన్నేళ్ళూ."

"పొద్దున్నే ఎవరూ లేనప్పుడు దిగేదాన్ని. అత్తకి తెలియదు" అంది బోధకుడి భార్య.

ఆమె అత్త అనడం అదే మొదటిసారి.

వలత్త నిలబడే ఉంది. ముందు తెల్లటి వెలుగు, వెలుగులో మనుషుల బదులు మచ్చలు. తాను ఏమీ మాట్లాడక్కర్లేదు. పడవ వస్తుంది, పిల్ల వెళ్ళిపోతుంది, ముళ్ళు పోతాయి, స్టూలు ఉంటుంది. ఇంకో ఏడాది. పొయ్యి దగ్గర కాళ్ళు చాపుకున్న అత్త గుర్తొచ్చింది. తిన్నావా. పడుకుంటావా.

"కన్ను పోయింది" అంది.

సరంగు వెంటనే వంగాడు. "ఎక్కడ? ఏ వరసలో?"

"వలలో వెతక్కు అబ్బాయ్. నాకు పోయింది. ఒకటి పూర్తిగా, రెండోది సగం."

సరంగు వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

"నాకు కనపడక నేను దాటిపోయిన చోటల్లా ఈ పిల్ల వేసింది. నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను. నియమం చెప్పాల్సింది నేను, చెప్పలేదు. కొయ్యాలంటే కొయ్యి. ఆ పిల్లని మాత్రం ఏమీ అనకు."

"ఎప్పటినుంచి?"

"నిరుటినుంచి."

"నాతో ఒక్క మాట అనచ్చుగా వదినా."

"అంటే ఏమనేవాడివి? కాళ్ళు చాపుకుని కూర్చో వదినా అనేవాడివి."

సరంగు అదే అనేవాడు. అతనికీ తెలుసు, విన్నవాళ్ళకూ తెలుసు.

చివరికి రేడియో నోరు తెరిచింది. "ఇంటికెళ్ళి ఎవర్ని తిడతావు అత్తా, గోడల్నా? మేమంతా ఇక్కడుంటే."

ఎవరో ముక్కు చీదారు. ఎవరో నవ్వారు. సరంగు ఎడమచేతి ముడిని రెండు చేతుల్తో పట్టి, కాలు రాతికి తన్నిపెట్టి గుంజాడు. దారం వేలిని కోసింది. ముడి కదల్లేదు.

"ముడి మంచిదే" అన్నాడు విసుగ్గా, అదే సమస్య అన్నట్టు.

"కొయ్యకుండా ఉండాలంటే?" అని అడిగాడు బోధకుడు.

"ఆవిడ లాగాలి."

"మొదటి పడవ తర్వాత మళ్ళీ పడవ ఎప్పుడు?"

"ఇంకో నెలకి."

అతను భార్యను చూశాడు. అతను ఏదైనా అనేలోపే ఆమె అంది: "నేను ఉంటాను. మీరు వెళ్ళక తప్పకపోతే వెళ్ళండి. ఒక్కచోటన్నా నేను చివరిదాకా ఉంటాను."

బోధకుడు పెద్ద ప్రసంగానికన్నట్టు గొంతు సవరించుకుని, ఆపేశాడు. అతను ప్రసంగం కొయ్యడం నేర్చుకున్నాడని వలత్తకు అప్పుడు తెలిసింది.

"నాకు టీ పెట్టుకోవడం రాదు" అన్నాడు. "నేనూ ఉంటాను. ముడి వెయ్యనివాణ్ణి తాడు పట్టుకోనిస్తారా?"

"చేతులు ఖాళీగా ఉంటే పట్టుకోండి. వాటా మాత్రం రాదు" అన్నాడు సరంగు. కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే, ఎండ పోతోంది. మనం వలను షెడ్డులోకి ఎత్తుదాం పదండి, ఇంకా బాగుచెయ్యాల్సింది ఉంది."

ఎత్తడానికి అందరూ వంగారు. బోధకుడు మాత్రం ఒక్క క్షణం ఆలస్యంగా వంగాడు. మనం అన్న ఆ ఒక్క మాట అతని చెవిన పడిందని వలత్తకు తెలుసు. సరంగుకు తాను అన్నట్టు కూడా తెలియదు.

మర్నాడు వలత్త షెడ్డుకు వచ్చి స్టూలు మీద చెయ్యి వేసింది. కాసేపు అలాగే ఉంచింది. తర్వాత రేడియోను పిలిచింది.

"కూర్చో."

"నేనా?"

"నీకు కళ్ళున్నాయి. నోరు కూడా ఉందనుకో, దానికి మందు లేదు. కూర్చో."

తాను పొయ్యి అవతల మూలకు వెళ్ళింది. చీకటి మూల. అక్కడ ఎవరూ ఎప్పుడూ పనిచెయ్యలేదు, పాత తాళ్ళు పడేసేవాళ్ళు. తాళ్ళు జరిపించి కుర్చీ వేయించుకుంది. కిటికీ దగ్గర అయిపోయిన ప్రతి వరసా వచ్చి ఆమె ఒడిలోంచి సాగి వెళ్ళాలంది. వేళ్ళు వరస మీద నడిచేవి. ఎక్కడ ముడి పొడిగా బిగించారో, ఎక్కడ కన్ను సాగిందో అక్కడ ఆగేవి. మూల నుంచి కేక వచ్చేది. దీపం ఇక్కడెందుకు దండగ, కిటికీ దగ్గర పెట్టుకోండి అనేది. తిన్నావా అని ఎవరూ అడగలేదు. అడగడానికి ఆమె వ్యవధి ఇవ్వలేదు.

మొదటి పడవ వచ్చింది. ఉప్పూ కిరసనాయిలూ దింపి, బోధకుణ్ణి ఎక్కించుకోకుండా వెళ్ళిపోయింది.

"అవతల కంటి ఆసుపత్రి ఉంది అత్తా" అంది బోధకుడి భార్య ఒకరోజు. ఇప్పుడామె అందరి ఎదుటే ముళ్ళు వేస్తోంది. "కంటికి పొర కమ్మితే తీసేస్తారట. మా అత్తగారికి తీశారు. తర్వాతి పడవకి మాతో రా."

"చూద్దాం" అంది వలత్త. అన్నాక ఆ మాట తనకే తగిలి నవ్వింది. "వల లాగాక చూద్దాం. వస్తే రెండు రోజులకి మించి ఉండను. ఈ రేడియో ఒక్కతే షెడ్డుని ఏం చేస్తుందో."

చేప ఒక బూడిదరంగు ఉదయాన వచ్చింది. పక్షులు ముందు చెప్పాయి. సరంగు వలను పడవలో తీసుకుపోయి నీళ్ళలో విడిచి వచ్చాడు. ఒడ్డున రెండు తాళ్ళ వెంట ఊరు రెండుగా నిలబడింది. తాడు లాగేవాళ్ళు ఎప్పుడూ ఒకే పక్కన నిలబడతారు, కుడి చెయ్యి ముందుకు వచ్చేలా. బోధకుడి భార్య అలా రెండుసార్లు నిలబడి చూసింది. కుదరలేదు. తాడు దాటి అవతలి పక్కకు వెళ్ళింది. దాంతో ఆమె ముఖం వలత్తకు ఎదురైంది. ఇద్దరి మధ్య తడి తాడు.

లాగారు. బోధకుడు వెనక ఎక్కడో రొప్పుతున్నాడు. మొదట తాడు, తాడు తర్వాత వలను తేల్చే చెక్కలు, చెక్కల తర్వాత వల. చల్లగా, బరువుగా, చేతుల మీదుగా జారుతూ వెనక్కి పోతోంది. చేప చిక్కిందా అని వలత్త ఎవరినీ అడగలేదు. బరువు చేతులకు తెలుస్తోంది. దూరంగా నీళ్ళలో రేకు మీద వాన పడుతున్నట్టు చప్పుడు మొదలైంది. క్షణక్షణానికి దగ్గరవుతోంది.

ఒకచోట ఆమె వేలు ఆగింది. ముడి తోక అవతలి పక్కకు తిరిగి ఉంది.

"అమ్మాయ్" అంది. "నీది వచ్చింది."

"ఏది అత్తా?"

"ఇదిగో. పట్టుకో."

ఎడమ చెయ్యి ఆమె చేతి పక్కన ఆ ముడి మీద పడింది. వెనక నుంచి సరంగు కేక వేశాడు. ఇద్దరూ లాగారు.